పోర్టబుల్ కార్పెట్ ఎక్స్‌ట్రాక్టర్ కొనేముందు: వాండ్ దగ్గర మొదలుపెట్టి ప్లగ్గు దాకా లెక్కవేసే పద్ధతి

కార్పెట్ ఎక్స్‌ట్రాక్టర్ అంటే కార్పెట్ మీద నీరు చిమ్మి, మురికితోపాటు వెనక్కి పీల్చే యంత్రం. దాని బ్రోచర్ ఏది తిరగేసినా నాలుగు అంకెలు పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి. పంపు ఒత్తిడి ఎన్ని పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), వాక్యూమ్ లిఫ్ట్ (నీటిని పైకి లాగే బలం) ఎన్ని అంగుళాలు, గాలి ఎన్ని సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు), ట్యాంకు ఎన్ని లీటర్లు. నాలుగూ యంత్రం దగ్గర కొలిచినవే. కార్పెట్‌ను తాకేది మాత్రం యంత్రం కాదు, హోస్ చివర మీ చేతిలో ఉండే వాండ్. అక్కడికి ఎంత వేడి చేరుతోంది, ఎంత నీరు చేరుతోంది, చేరిన నీటిలో ఎంత వెనక్కి వస్తోంది అన్నదాన్నిబట్టే కస్టమర్ మిమ్మల్ని మళ్లీ పిలుస్తాడో లేదో తేలుతుంది. అందుకే ఎంపికను వెనక నుంచి ముందుకు చేద్దాం. మొదట కార్పెట్, తర్వాత వాండ్, హోస్, మోటార్లు, పంపు, హీటర్, ఆఖరికి గోడలో ఉన్న ప్లగ్గు.

ఒక మాట ముందే చెప్పాలి. నీరు చిమ్మడం ఏ యంత్రమైనా చేస్తుంది. చిమ్మిన నీటిని వెనక్కి లాగడంలోనే మంచి యంత్రానికీ మామూలు యంత్రానికీ తేడా తెలుస్తుంది. తడి ఎక్కువసేపు ఉండిపోతే అడుగున మిగిలిన మురికి నీటితోపాటు పోగుల చివరలకు ఎక్కుతుంది. ఆరాక అదే చోట మరక మళ్లీ కనబడుతుంది. వెనక అట్ట జనపనారదైతే గోధుమ రంగు పైకి తేలవచ్చు. 24 నుంచి 48 గంటలు తడి అలాగే ఉంటే బూజు మొదలవుతుంది. ఇలాంటి ఫిర్యాదులు వచ్చినప్పుడు అందరూ కార్పెట్ కడిగే మందును అనుమానిస్తారు గానీ, చాలాసార్లు అసలు కారణం చాలని పీల్పుడే.

1. ముందు మీ పనిని కాగితం మీద పెట్టండి

యంత్రం చూడ్డానికి వెళ్లే ముందు మూడు సంగతులు రాసుకోండి. మీకు వచ్చే పనిలో ఎక్కువ భాగం ఏమిటి: ఇళ్లలో గదులా, ఆఫీసు హాళ్లా, హోటల్ కారిడార్లా, లేక సోఫాలూ కారు సీట్లా? ఎక్కువగా ఎదురయ్యే కార్పెట్ ఏ పోగుది: నైలాన్, పాలియెస్టర్, పాలీప్రొపిలీన్, ఉన్ని? అక్కడికి యంత్రం ఎలా చేరుతుంది: లిఫ్టుందా, మెట్లా, కారు డిక్కీలోనా, వ్యానులోనా?

సోఫాలు, కారు సీట్లే ప్రధానమైతే స్పాటర్ అని పిలిచే చిన్న యంత్రం చాలు. పెద్దది కొంటే దాన్ని మోయడమే పని అవుతుంది. అడ్డంకులు లేని విశాలమైన హాళ్లే అయితే వాండ్ లేకుండా, యంత్రం వెనకే నడుస్తూ పనిచేసే సెల్ఫ్ కంటెయిన్డ్ రకం వేగంగా సాగుతుంది. కానీ బల్లల కింద, మూలల్లో, మెట్ల మీద అది పనికిరాదు. ఈ రెంటికీ మధ్య, రకరకాల పని చేసేవాళ్లకు సరిపోయేది పెట్టె లాంటి యంత్రం, దానికి హోస్, చేతిలో వాండ్. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఆ రకం గురించే.

పోగు రకం ఎందుకు రాసుకోమంటున్నానంటే, అది మిగతా లెక్కలన్నిటినీ మారుస్తుంది. ఉన్ని ఎక్కువ వేడినీ, ఘాటైన క్షార మందుల్నీ తట్టుకోదు. నీటిని కూడా బాగా పట్టుకుంటుంది. ఉన్ని కార్పెట్లు ఎక్కువగా వచ్చేవాళ్లు హీటర్ మీద పెట్టే డబ్బును పీల్పుడు మీద పెట్టాలి. జిడ్డు పట్టిన సింథటిక్ కార్పెట్లు ఎక్కువైతే వేడికి విలువ పెరుగుతుంది.

2. వాండ్, నాజిల్: అసలు లెక్క ఇక్కడే

చాలామంది యంత్రంతో వచ్చిన వాండ్‌తోనే సరిపెట్టుకుంటారు. యంత్రం మీద బేరమాడిన శ్రద్ధలో సగం వాండ్ మీద పెట్టినా ఫలితం మెరుగ్గా ఉంటుంది. తల వెడల్పు 10 నుంచి 12 అంగుళాల మధ్య ఉంటే ఇలాంటి యంత్రాలకు సరిపోతుంది. తల ఎంత వెడల్పైతే అదే గాలి అంత పొడవున పంచుకోవాల్సి వస్తుంది. పీల్చే మోటార్ ఒకటే ఉన్న యంత్రానికి 14 అంగుళాల వాండ్ తగిలిస్తే వేగం పెరిగినట్టే అనిపిస్తుంది, కానీ కార్పెట్ తడిగా మిగులుతుంది.

వాండ్ పెదవికి తొడిగే ప్లాస్టిక్ గ్లైడ్ ఉందో లేదో చూడండి. రంధ్రాలో, సన్నని చీలికలో ఉన్న ఈ తొడుగు కార్పెట్ మీద వాండ్‌ను తేలిగ్గా జారనిస్తుంది, గాలిని సమంగా పంచుతుంది. రోజంతా వాండ్ లాగే మనిషి నడుముకు దీని విలువ తెలుస్తుంది.

ఇప్పుడు నాజిళ్లు, అంటే వాండ్ తల దగ్గర నీరు చిమ్మే చిన్న మూతులు. వాటి మీద 11002, 8002 లాంటి అంకెలు చెక్కి ఉంటాయి. 110 అంటే నీరు విచ్చుకునే కోణం, 80 అన్నా అలాంటిదే. చివరి 02 అంటే 40 పీఎస్ఐ ఒత్తిడి దగ్గర నిమిషానికి 0.2 గ్యాలన్లు, అంటే సుమారు 0.76 లీటర్ల నీరు. ఒత్తిడి పెరిగితే నీరూ పెరుగుతుంది, కానీ అదే నిష్పత్తిలో కాదు. ఒత్తిడి నాలుగు రెట్లయితే నీరు రెండు రెట్లవుతుంది. ఈ లెక్కన 02 నాజిళ్లు రెండున్న వాండ్ 100 పీఎస్ఐ దగ్గర నిమిషానికి దాదాపు 2.4 లీటర్లు చిమ్ముతుంది. 400 పీఎస్ఐకి పెంచితే 4.8 లీటర్లు.

ఈ 2.4 అనే అంకెను గుర్తు పెట్టుకోండి. హీటర్ చాలుతుందా, ట్యాంకు ఎంతసేపు వస్తుంది అన్న ప్రశ్నలకు జవాబు దీని నుంచే వస్తుంది. సేల్స్ మనిషి ముందు నాజిల్ నంబరు అడిగితే చాలు, అవతలి వాళ్ల మాట తీరు మారిపోతుంది.

3. హోస్: కనిపించకుండా తినేసేది ఇదే

వాక్యూమ్ హోస్ ఒకటిన్నర అంగుళాలది, రెండు అంగుళాలది దొరుకుతాయి. తేడా అర అంగుళమే కదా అనిపిస్తుంది. కానీ ఒకే మోతాదు గాలి పోతున్నప్పుడు గొట్టంలో జరిగే నష్టం దాని వ్యాసం ఐదో ఘాతాన్ని బట్టి మారుతుంది. అంటే ఒకటిన్నర అంగుళాల హోస్‌లో నష్టం రెండు అంగుళాల దానికంటే సుమారు నాలుగు రెట్లు. పొడవు రెట్టింపైతే నష్టమూ రెట్టింపు. పొడవాటి సన్నని స్ట్రాతో తాగడానికి ప్రయత్నించినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి రెండు మోటార్ల యంత్రమైతే, 7 లేదా 8 మీటర్లు దాటిన పొడవుకు రెండు అంగుళాల హోస్ తీసుకుని, వాండ్ దగ్గర చివరి రెండు మూడు మీటర్లు మాత్రం ఒకటిన్నర అంగుళాలది పెట్టుకోండి. చేతికి బరువు తగ్గుతుంది, నష్టమూ తక్కువ. ఒకే మోటార్ ఉన్న చిన్న యంత్రానికి మాత్రం రెండు అంగుళాల హోస్ మంచిది కాదు. గాలి తక్కువ కాబట్టి లావు గొట్టంలో దాని వేగం పడిపోతుంది. నీరు అడుగున నిలిచి, గుటకలు వేసినట్టు ఆగి ఆగి వస్తుంది.

హోస్ పొడవు పెంచుకోవడం కంటే యంత్రాన్ని గది దాకా తోసుకెళ్లడం ఎప్పుడూ మేలు. వ్యానులో బిగించిన పెద్ద యంత్రాలతో పోలిస్తే పోర్టబుల్‌కున్న గొప్ప సౌకర్యం అదే. దాన్ని తలుపు దగ్గర వదిలేసి 15 మీటర్ల గొట్టం లాగితే ఆ సౌకర్యాన్ని చేజేతులా పోగొట్టుకున్నట్టే.

హోస్ లోపలి గోడ నున్నగా ఉందా, మడతలు మడతలుగా ఉందా అన్నది వేలు పెట్టి చూడండి. గొట్టం ముక్కలను కలిపే కప్లింగులు ఎక్కువయ్యే కొద్దీ గాలి లీకయ్యే చోట్లు ఎక్కువవుతాయి.

4. పీల్పుడు: లిఫ్ట్, సీఎఫ్ఎం రెండూ ఒకేసారి ఉండవు

ఇది అన్నిటికంటే నిదానంగా చదవాల్సిన భాగం.

వాటర్ లిఫ్ట్ అంటే గొట్టం మూతి పూర్తిగా మూసి, మోటార్ నీటిని ఎన్ని అంగుళాల ఎత్తుకు లాగగలదో కొలిచే అంకె. సీఎఫ్ఎం అంటే మూతి పూర్తిగా తెరిచి, నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి కదులుతుందో కొలిచేది. మూసినప్పుడు గాలి కదలదు. తెరిచినప్పుడు లాగే బలం ఉండదు. పనిచేసేటప్పుడు వాండ్ ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. అందుకే బ్రోచర్‌లోని రెండు గరిష్ఠ అంకెలూ కలిసి మీ కార్పెట్ మీద ఏనాడూ కనిపించవు.

లిఫ్ట్ పోగుల అడుగు నుంచి నీటిని ఊడలాగుతుంది. గాలి ఆ నీటిని హోస్ గుండా మోసుకొస్తుంది, వస్తూ వస్తూ పోగుల్ని ఆరబెడుతుంది. లిఫ్ట్ మాత్రమే ఎక్కువుండి గాలి తక్కువైతే వాండ్ కార్పెట్‌కు అతుక్కుపోతుంది, కానీ నీరు నిదానంగా వస్తుంది. గాలి మాత్రమే ఎక్కువైతే శబ్దం జోరుగా ఉంటుంది, అడుగున తడి అలాగే ఉంటుంది.

మోటార్లను రెండు రకాలుగా కలుపుతారు. పక్కపక్కన కలిపితే, అంటే పారలల్‌లో, గాలి దాదాపు రెట్టింపవుతుంది, లిఫ్ట్ పెరగదు. ఒకదాని వెనక ఒకటిగా, సిరీస్‌లో కలిపితే లిఫ్ట్ పెరుగుతుంది, గాలి పెరగదు. స్టేజీ అంటే మోటార్ లోపల ఒకదాని వెనక ఒకటిగా ఉండే ఫ్యాన్లలో ఒక్కొక్కటి. మూడు స్టేజీల మోటార్ ఒకటి ఉన్న యంత్రాలు సాధారణంగా 130 అంగుళాల దరిదాపుల్లో లిఫ్ట్, 100 సీఎఫ్ఎం దరిదాపుల్లో గాలి ఇస్తాయి. రెండు స్టేజీల మోటార్లు రెండు పారలల్‌లో ఉంటే లిఫ్ట్ 100 అంగుళాల చుట్టుపక్కల, గాలి 200 సీఎఫ్ఎం చుట్టుపక్కల ఉంటుంది.

ఏది తీసుకోవాలి? కురచ పోగుల ఆఫీసు కార్పెట్లు, 8 మీటర్ల లోపు హోస్ అయితే మూడు స్టేజీల మోటార్ ఒకటున్నా పని జరిగిపోతుంది. దట్టమైన ఇంటి కార్పెట్లు, పొడవాటి హోస్ అయితే రెండు మోటార్లు తీసుకోండి. ఆ రెండు ఎలా కలిసి ఉన్నాయో అడగండి. రెండు మోటార్లు పెట్టి, వాటి లిఫ్ట్‌లు కూడి ఒకటే పెద్ద అంకె వేసిన ప్రకటనలు ఉంటాయి. వాటికి ఒక పరీక్ష ఉంది. గాలి పీడనమే నీటిని పైకి నెట్టేది కాబట్టి, సముద్రమట్టం దగ్గర ఎంత గొప్ప యంత్రమైనా నీటిని 34 అడుగులకు, అంటే సుమారు 407 అంగుళాలకు మించి లాగలేదు. అంతకంటే పెద్ద అంకె కనబడితే అది కూడికే తప్ప కొలత కాదు. మూతపెట్టి కొలిచిన లిఫ్ట్ యంత్రం మొత్తానికి ఎంత, మోటార్‌కు విడిగా ఎంత అని రెండూ అడగండి.

కార్పెట్ అండ్ రగ్ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే సీల్ ఆఫ్ అప్రూవల్ ఉన్న యంత్రం దొరికితే కొంత ధైర్యం. అందులో మురికి ఎంత తీసింది, నీరు ఎంత వెనక్కి లాగింది అన్నవి కూడా పరీక్షిస్తారు. అయితే వాళ్లు పరీక్షించిన వాండ్, హోస్ మీవి కాకపోవచ్చు.

5. పంపు: ఎక్కువ పీఎస్ఐ అంటే ఎక్కువ శుభ్రం కాదు

సోఫా బట్టకు 100 పీఎస్ఐ లోపు చాలు. ఇంటి కార్పెట్‌కు 100 నుంచి 300 మధ్య. బాగా నలిగిన కమర్షియల్ కార్పెట్‌కు 400, 500 దాకా వాడేవాళ్లున్నారు. 800 నుంచి 1200 పీఎస్ఐ కావాల్సింది టైల్స్, వాటి సందులు కడగడానికి. ఆ పని మీరు చేయకపోతే 1200 పీఎస్ఐ యంత్రానికి అదనంగా పెట్టే డబ్బు వృథానే.

ఒత్తిడి పెంచినప్పుడల్లా నీరు కూడా పెరుగుతుందని నాజిల్ లెక్కలో చూశాం కదా. పీల్పుడు పెరగకుండా ఒత్తిడి పెంచితే కార్పెట్ అడుగుదాకా తడుస్తుంది. దీనికంటే ముందుగా మందు చల్లి, బ్రష్‌తో రుద్ది, కాసేపు ఆగి, తక్కువ ఒత్తిడితో కడగడం మంచి పద్ధతి. మురికిని వదిలించేది మందు, రుద్దుడు, సమయం. పంపు దాన్ని జాడించడానికి.

స్థిరమైన 100 లేదా 150 పీఎస్ఐ ఇచ్చే డయాఫ్రమ్ పంపులు తేలికైనవి, చవకైనవి. కాసేపు నీళ్లు లేకుండా తిరిగినా చాలావరకు తట్టుకుంటాయి. ఒత్తిడి మార్చుకునే వీలున్న పిస్టన్ పంపులు బలమైనవే గానీ, నీళ్లు లేకుండా నడిస్తే సీళ్లు పాడవుతాయి. వాటికి నిర్వహణ కూడా ఎక్కువ. సోఫాలు, కార్పెట్లు రెండూ చేసేవాళ్లకు ఒత్తిడి తగ్గించుకునే నాబ్ తప్పనిసరి. నా లెక్కలో గరిష్ఠ ఒత్తిడి కంటే కనిష్ఠ ఒత్తిడి ఎంత అన్నదే ముఖ్యమైన ప్రశ్న.

6. హీటర్: వాట్లతో లెక్కవేసి చూడండి

హీటర్ గురించి చెప్పే మాటల్లో నిజమెంతో తేల్చడానికి ఒక్క సూత్రం చాలు. ఒక కిలోవాట్ వేడి, నిమిషానికి ఒక లీటరు చొప్పున పారే నీటిని సుమారు 14 డిగ్రీల సెల్సియస్ పెంచుతుంది. అంతే, అంతకుమించి పెంచడం ఏ హీటర్ వల్లా కాదు.

మన వాండ్ నిమిషానికి 2.4 లీటర్లు చిమ్ముతుంది. హీటర్ 2000 వాట్లది అనుకుందాం. ఆపకుండా చిమ్ముతూ ఉంటే నీరు పెరిగేది 12 డిగ్రీలే. 25 డిగ్రీల నీళ్లు పోస్తే 37 దగ్గర ఆగిపోతుంది. నిజానికి వాండ్ మీద నీరు వదిలే ట్రిగ్గర్‌ను మనం అంతసేపూ నొక్కి ఉంచం. ఒకసారి తడిపి, ఒకటి రెండుసార్లు పొడిగా లాగుతాం. సగం సమయమే నీరు పారుతుందనుకుంటే పెరుగుదల సగటున 24 డిగ్రీలకు చేరుతుంది. బ్రోచర్‌లో రాసిన 95 డిగ్రీలు హీటర్ లోపల నీరు కదలకుండా ఉన్నప్పటి సంగతి. మొదటి కొన్ని సెకన్లు వాండ్ దగ్గర అది నిజమే, తర్వాత కాదు.

అందుకే హీటర్ ఉన్నా సరే, ట్యాంకులో వేడినీళ్లు పోసుకోవడమే తెలివైన పని. ట్యాంకు, పంపు ఎన్ని డిగ్రీల నీటిని తట్టుకుంటాయో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. అది చూడకుండా పోయకండి, చాలా పంపులకు మరిగే నీళ్లు పడవు. హీటర్ ఆ వేడిని పడిపోకుండా కాపాడుతుంది.

హీటర్ ట్యాంకులోనే ఉండే రకమూ ఉంది. 40 లీటర్ల నీటిని 25 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి 2000 వాట్ల హీటర్‌కు సుమారు 50 నిమిషాలు పడుతుంది. కస్టమర్ ఇంట్లో అంతసేపు కూర్చోలేం. పైపులో పారుతున్నప్పుడే వేడిచేసే ఇన్‌లైన్ రకమే ఈ పనికి నయం.

గట్టి నీళ్లు దొరికే చోట హీటర్ గొట్టంలో సున్నపు పొర పేరుకుంటుంది. వేడి తగ్గుతుంది, నీటి ధారా తగ్గుతుంది. అప్పుడప్పుడు సిట్రిక్ యాసిడ్ కలిపిన నీటితో కడగాలి. ఆ కడిగే వీలు లేకుండా హీటర్‌ను మూసిపెట్టిన మోడల్ అయితే పక్కన పెట్టేయండి.

7. ప్లగ్గు దగ్గర లెక్క సరిచూడండి

ఇక్కడిదాకా కోరుకున్నవన్నీ ఒకే గోడ సాకెట్ మోయగలదా? 1200 వాట్ల వాక్యూమ్ మోటార్లు రెండు 2400, పంపు 200, హీటర్ 1750. మొత్తం 4350 వాట్లు. 230 వోల్టుల దగ్గర 16 ఆంప్స్ సాకెట్ ఇవ్వగలిగేది 3680. 13 ఆంప్స్‌దైతే 3000 దరిదాపుల్లో. 120 వోల్టుల దేశాల్లో 15 ఆంప్స్ సర్క్యూట్ 1800 వాట్ల దగ్గరే ఆగిపోతుంది, ఎక్కువసేపు నడిచే లోడ్ అయితే అందులో 80 శాతమే లెక్కవేసుకోవాలి.

అందుకే పెద్ద పోర్టబుళ్లకు రెండు వైర్లు ఉంటాయి. రెండూ వేర్వేరు సర్క్యూట్లలో పెట్టాలి. పక్కపక్కనున్న రెండు సాకెట్లు చాలాసార్లు ఒకే సర్క్యూట్‌వి అయి ఉంటాయి, పెట్టగానే బ్రేకర్ పడిపోతుంది. రెండూ వేర్వేరని చూపించే చిన్న దీపం యంత్రం మీదే ఉంటే ఆ గొడవ తప్పుతుంది. లేకపోతే వంటగదిలో ఒకటి, పడకగదిలో ఒకటి పెట్టి చూడాల్సిందే.

మీరు పనిచేసే చోట్ల రెండు సర్క్యూట్లు దొరకడం కష్టమైతే ఏదో ఒకటి వదులుకోవాలి. నన్నడిగితే హీటర్ వదులుకోండి, మోటార్ వద్దు. వేడినీళ్లు బకెట్‌లో తెచ్చుకోవచ్చు. పీల్పుడు బయటి నుంచి తెచ్చుకోలేం.

ఎక్స్‌టెన్షన్ కేబుల్ మీద పొదుపు చేయకండి. 30 మీటర్ల రాగి కేబుల్‌లో 10 ఆంప్స్ పారితే, తీగ మందం 1 చదరపు మిల్లీమీటరైతే దాదాపు 11 వోల్టులు దారిలోనే పోతాయి. 2.5 చదరపు మిల్లీమీటర్లయితే నాలుగున్నర లోపే. వోల్టేజీ తగ్గితే మోటార్ వేగం తగ్గుతుంది, దాంతో పీల్పుడూ. చుట్ట చుట్టిన కేబుల్ వేడెక్కుతుంది కాబట్టి పూర్తిగా విప్పి పరవాలి. నీళ్లతో చేసే పని గనుక కరెంటు లీకేజీ పట్టే బ్రేకర్ లేకుండా ఎక్కడా ప్లగ్గు పెట్టొద్దు, అవసరమైతే అలాంటిది మీ వెంటే తీసుకెళ్లండి.

8. ట్యాంకు, బరువు, చక్రాలు

45 లీటర్ల ట్యాంకును నిమిషానికి 2.4 లీటర్లతో ఆపకుండా చిమ్మితే 19 నిమిషాల లోపే అయిపోతుంది, సగం సమయమే చిమ్మితే 37 నిమిషాలు వస్తుంది. ఇంటి గదులకు ఇది సరిపోతుంది. ట్యాంకు ఎంత పెద్దదైతే అంత మంచిదనుకోవద్దు. లీటరు నీరు కిలో బరువు. 45 కిలోల యంత్రంలో 45 లీటర్లు పోస్తే 90 కిలోలు, దాన్ని మందపాటి కార్పెట్ మీద తోయాలి. మెట్ల మీదికి మాత్రం మంచినీటి ట్యాంకు, మురికినీటి ట్యాంకు రెండూ ఖాళీ చేశాకే.

వెనక చక్రాలు 10 అంగుళాలకు తగ్గకుండా ఉంటే మెట్లెక్కించడం సులువు. ముందు చక్రాలకు బ్రేక్ ఉండాలి. ఎత్తేటప్పుడు చెయ్యి ఎక్కడ వేస్తారో షోరూములోనే చూసుకోండి, ఇద్దరు పట్టుకునే హ్యాండిళ్లు లేని యంత్రాలు చాలా ఉన్నాయి.

నీరు తానే నింపుకుని తానే పారబోసే ఆటో ఫిల్, ఆటో డంప్ సదుపాయం హోటల్ కారిడార్ల పనికి బాగుంటుంది. ఇళ్లకు అనవసరం. మరో రెండు గొట్టాలు, మరో పంపు, మరో లోడ్. ట్యాంకులో నీటి మట్టాన్ని పట్టే ఫ్లోట్ ఇరుక్కుంటే గది నిండా నీళ్లు.

9. నురుగు, మందులు, శుభ్రం చేసుకునే సౌలభ్యం

మురికినీటి ట్యాంకు నిండగానే పీల్పుడు ఆపే ఫ్లోట్ చాలా యంత్రాల్లో ఉంటుంది. అది నీటిని గుర్తిస్తుంది, నురుగును కాదు. కార్పెట్‌లో ముందెవరో వదిలిన షాంపూ నురుగెత్తి, ఫ్లోట్‌ను దాటుకుని మోటార్‌లోకి పోతుంది. మోటార్లు చెడిపోవడానికి ఇదొక పెద్ద కారణం. పీల్చే గొట్టం మూతి ట్యాంకులో ఎంత ఎత్తున ఉంది, అక్కడ జల్లెడ ఉందా చూడండి. ట్యాంకు మూత పారదర్శకంగా ఉంటే నురుగు పైకి వస్తుండగానే కనిపిస్తుంది, నురుగును అణిచే డీఫోమర్ వేయడానికి సమయం దొరుకుతుంది.

పంపు గుండా ఏ మందు పోనివ్వొచ్చో మాన్యువల్‌లో చదవండి. బ్లీచ్, ద్రావకాలు చాలా పంపుల సీళ్లను తినేస్తాయి. ముందుగా చల్లే మందును విడి స్ప్రేయర్‌తో చల్లి, యంత్రంలో జాడించడానికి తేలికపాటి రిన్స్ మాత్రమే వాడితే పంపూ హీటరూ ఎక్కువకాలం ఉంటాయి.

ట్యాంకు లోపలికి చెయ్యి పూర్తిగా దూరాలి. దూరకపోతే అడుగున బురద మిగులుతుంది, వారంలో యంత్రం వాసన కొడుతుంది. డ్రెయిన్ వాల్వు ట్యాంకు అట్టడుగున ఉండాలి, పక్కన పైకి కాదు.

10. డెమోలో ఏం చేయాలి

డెమో అడగండి. ఇవ్వనంటే ఇంకో చోటికి వెళ్లండి. వెళ్లేటప్పుడు మీరు వాడబోయే పొడవున్న హోస్, ఒక థర్మామీటర్, కొలత గుర్తులున్న బకెట్ తీసుకెళ్లండి. షోరూములో రెండు మీటర్ల గొట్టంతో చూపిస్తే ఏ యంత్రమైనా అద్భుతంగానే ఉంటుంది.

ట్యాంకులో కొలిచి నీరు పోయండి. నాలుగు చదరపు మీటర్ల పొడి కార్పెట్‌ను మీ మామూలు పద్ధతిలో తడిపి, లాగండి. మిగిలిన నీటిని కొలిస్తే ఎంత చిమ్మారో తెలుస్తుంది. మురికి ట్యాంకును బకెట్‌లోకి వంపితే ఎంత వెనక్కి వచ్చిందో తెలుస్తుంది. పొడి కార్పెట్ కొంత నీటిని ఎలాగూ పట్టుకుంటుంది కాబట్టి శాతం ఎంతన్నది ఒక్క యంత్రానికే చూస్తే పెద్దగా అర్థం కాదు. అదే కార్పెట్‌లో ఇంకో పొడి చోట ఇంకో యంత్రంతో అదే చేస్తే తేడా బయటపడుతుంది. తర్వాత అక్కడ పొడి టిష్యూ పరిచి కాలితో గట్టిగా తొక్కండి, తడి ఎంత పైకి వస్తుందో చూడండి.

ట్రిగ్గర్‌ను ఒక నిమిషం వదలకుండా నొక్కి, నాజిల్ నుంచి వచ్చే నీటిని బకెట్‌లో పట్టండి. ఒకే పరీక్షతో నిమిషానికి ఎన్ని లీటర్లు, ఎన్ని డిగ్రీలు అన్న రెండూ తేలతాయి. మీ లెక్కతో పోల్చుకోండి.

శబ్దం కూడా అక్కడే వినండి. రాత్రిపూట హోటళ్లలోనో, పని వేళల్లో ఆఫీసుల్లోనో చేసేవాళ్లకు రెండు మోటార్ల హోరు నిజంగానే సమస్య. ఒక మోటార్ ఆపి, ఒక్కదానితో నడిపే స్విచ్ ఉంటే కొంత నయం.

11. వారంటీ, విడిభాగాలు

ప్లాస్టిక్ బాడీకి పెద్ద పెద్ద వారంటీలు ఇస్తారు, ఎందుకంటే బాడీ ఎలాగూ పాడవదు. వాక్యూమ్ మోటార్‌కు ఎంత, పంపుకు ఎంత, హీటర్‌కు ఎంత అని విడివిడిగా రాయించుకోండి. రిపేరు అయ్యేదాకా మార్చుకోవడానికి ఇంకో యంత్రం ఇస్తారా అని కూడా అడగండి. రోజువారీ పనికి వారంటీ కంటే అదే ముఖ్యం.

స్క్రూడ్రైవర్ ఇచ్చి, వాక్యూమ్ మోటార్ దగ్గరికి చేరడానికి ఎన్ని మరలు తీయాలో చూపించమనండి. బాడీ ఒక వైపు పూర్తిగా తెరుచుకునే యంత్రాన్ని మీరే బాగుచేసుకోవచ్చు. మోటార్ అందరూ వాడే 5.7 అంగుళాల సైజులో ఉంటే వేరే కంపెనీదైనా సరిపోయే అవకాశం ఉంది, ప్రత్యేకమైన సైజైతే ఆ ఒక్క కంపెనీ మీదే ఆధారపడాలి.

సెకండ్ హ్యాండ్ యంత్రమైతే గంటల మీటర్ ఉందా చూడండి. మోటార్ ఆపేటప్పుడు చెవి పెట్టి వినండి, గరగర శబ్దంతో ఆగితే బేరింగులు పోతున్నట్టు. పంపు ఆన్ చేసి, ట్రిగ్గర్ వదిలేసి ఒక నిమిషం చూడండి. ఒత్తిడి దానంతటదే పడిపోతూ ఉంటే ఎక్కడో వాల్వు లీకవుతోంది.

బేరం కుదిరాక బిల్లు వేయించే ముందు అదే బిల్లులో ఒక జత నాజిళ్లు, నీటి హోస్ క్విక్ కప్లింగులు, వాటి ఓ-రింగులు, ట్యాంకు మూత రబ్బరు, ఇన్‌టేక్ ఫిల్టర్, ఒక గ్లైడ్ కూడా వేయించుకోండి. పని మధ్యలో ఆగిపోయేది ఎక్కువగా వీటివల్లే, మోటార్ వల్ల కాదు.